సముద్రం వైపు గది

వంటగది తలుపు వెనక గళ్ళకాగితం.
గడికి రెండొందల యాభై పౌన్లు.
మొత్తం మూడొందల ఇరవై ఎనిమిది గళ్ళు.
ఎఫీ ఆకుపచ్చ పెన్సిల్ చెక్కుకుని
నెలాఖరున ఒక గడి నింపేది.
పోనుపోను రెండు, ఎప్పుడైనా మూడు.
బాయిలర్ పాడైన చలికాలం మాత్రం
మూడు నెలలు పెన్సిల్ మొన అరగలేదు.

నేను ఆర్బ్రోత్ నుంచి డండీకి బస్సు నడుపుతాను.
జీతం వడ్డీకి, ఆదివారం అసలుకి.
ఆదివారాలకి ఒకటిన్నర కూలి ఇస్తారు కనుక
పదహారేళ్ళు నాకు ఆదివారమంటే
స్టీరింగు మీద గ్లవ్సు, ఖాళీ సీట్లు,
తప్పతాగి తప్పు స్టాపులో దిగే ఒక ముసలాయన.

ఎఫీ పొగగూట్లో హాడక్ చేపల్ని
తోకలకి తాడేసి జతలుగా కట్టేది.
రాత్రిళ్ళు బడిపిల్లల లాగులకి అంచులు కుట్టేది.
ఆమె జుట్టులో పొగ, నా చొక్కాలో డీజిలు.
పక్కమీదికి చేరేసరికి
ఇద్దరం మనుషుల్లా కాదు, పనుల్లా వాసనేసేవాళ్ళం.

ఒక ఏడు కాస్త ఎక్కువ కట్టబోతే
బ్యాంకు పిల్ల ఫోనులో మెల్లగా చెప్పింది:
"పదోవంతు దాటితే జరిమానా పడుతుందండీ."
ఎగ్గొడితే తప్పు, సరే.
తొందరపడి తీర్చినా తప్పేనా?
ఆ రాత్రి ఎఫీ నవ్వీ నవ్వీ
సూదిలో దారం ఎక్కించలేకపోయింది.

మా ఇంట్లో సముద్రం కనబడే కిటికీ ఒక్కటే,
మేడమీది చిన్నగదిలో.
దాన్ని అద్దెకిచ్చాం.
మొదట ఫిడేళ్ళు బాగుచేసే రూరీ,
తర్వాత సముద్రపక్షుల్ని లెక్కపెట్టే ఇంగెబోర్గ్.
ఆమె పొద్దున్నే మెట్లు దిగుతూ
"ఇవాళ నీళ్ళు సీసం రంగులో ఉన్నాయి" అనేది,
"ఇవాళ లైట్‌హౌస్ దాకా తేటగా ఉంది" అనేది.
మేం జావలో ఉప్పు కలుపుకుంటూ
ఎవరో దూరపు ఊరి కబురు చెప్తున్నట్టు
"ఔనా" అనేవాళ్ళం.

మొన్న మంగళవారం చివరి గడి.
ఫోనులో వేరే గొంతు.
"ఈరోజైతే రెండొందల నలభై ఒకటి.
రేపటికైతే ఇంకో మూడు పెన్నీలు."
అప్పుకీ నిప్పుకీ శేషం ఉంచకూడదు.
ఆ మూడు పెన్నీలు దక్కనివ్వలేదు ఎఫీ.
నా కోటు విప్పకముందే కట్టేసింది.

గడువుకి ఎనిమిదేళ్ళ పది నెలలు ముందే తీరింది.
ఎఫీ చేతిలో పెన్సిల్ బొటనవేలంత మిగిలింది.
"మరి ఆ ఎనిమిదేళ్ళూ ఎక్కడున్నాయి?" అంది.
బస్సులో చిల్లర తక్కువొచ్చినప్పటిలా
నేను నిజంగానే జేబులు తడుముకున్నాను.

ఇంగెబోర్గ్ మార్చిలో వెళ్ళిపోయింది.
గది ఖాళీ అని ఎవరికీ చెప్పలేదు.
రెండు కుర్చీలు మోసుకుని పైకి వెళ్ళాం.
తలుపు తట్టాను.
తట్టాక గుర్తొచ్చింది, లోపల ఎవరూ లేరని.
ఎఫీ నా వంక చూసి ఏమీ అనలేదు,
తనూ కాళ్ళు తుడుచుకునే అడుగు పెట్టింది.

కిటికీ చెక్కమీద పెన్సిల్ గీతలు,
నాలుగు నిలువు, ఒకటి అడ్డం,
అయిదేసి అయిదేసి పక్షులు.
అవతల, కప్పుల మీదుగా, అది.
సీసం రంగు కాదు.
ఏ రంగో చెప్పడం మా ఇద్దరికీ చేతకాలేదు.
"ఇంతదీ ఇక్కడే ఉందా ఇన్నాళ్ళూ" అంది ఎఫీ,
కొంచెం కోపంగానే.

ఆదివారం నాలుగింటికే మెలకువొచ్చింది.
డిపోకి ఫోను చేద్దామని లేచాను.
పైన లైటు వెలుగుతోంది.
ఎఫీ ఒళ్ళో కుట్టుపెట్టె, కుట్టడానికేమీ లేదు.
రెండో కుర్చీలో కూర్చున్నాను.
చాలాసేపటికి ఒక తెల్లది
కిటికీకి అడ్డంగా ఎగిరిపోయింది.

"ఒకటి" అంది.