నాలుగో గుంట

ట్రంకు రోడ్డులో టీషర్టులు అచ్చేసే కొట్టాయన
ఫోన్లో బొమ్మని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు.
"ఏందబ్బయా ఇది, సర్కారుతుమ్మ కంపా?"
"పేరన్నా. బ్యాండు పేరు."
"యాడుంది పేరు? ఒక్కచ్చరం కనపడితే ఒట్టు."
తెలిసినోళ్ళకే కనపడుతుంది, అదే కదా సంగతి,
అనబోయి ఊరుకున్నా.
నల్లవి నాలుగు. మస్తాన్ వలికి మూడు ఎక్సులు.

జిల్లా మొత్తానికీ మేం నలుగురమే అనుకునేవాళ్ళం,
కావలి బస్టాండులో ఎవడో
నా ఎదమీది కంపని గడగడా చదివేసిందాకా.
పేరడిగేలోపు వాడి బస్సు కదిలింది.
కిటికీలోంచి చూపుడువేలు, చిటికెనవేలు లేపాడు.
నేనూ లేపాను.
జామకాయలామె పరిగెత్తుకొచ్చి
నా చేతిలో రెండు కాయలు పెట్టింది.

విడవలూరు దాటి సముద్రం వైపు పోతే
పెంచల్ వాళ్ళ మామ రొయ్యల గుంటలు.
మోటారు షెడ్డు మాది, రాత్రిపూట.
శబ్దం బయటికి పోకుండా గోడలకి మేత సంచులు కొట్టాం.
పోతుంది. కొంగలకి అలవాటైంది.
డ్రమ్ములు చర్చివి,
సోమవారం తెచ్చి శనివారం అప్పజెప్పాలని
బ్యూలా వాళ్ళ నాన్నతో ఒప్పందం.
ఆదివారం వాటి వెనక కూర్చుంటే
పెంచల్ కాళ్ళు వాటంతటవే పరుగందుకుంటాయి,
ఆయన ప్రార్థన మధ్యలో ఒక కన్ను తెరుస్తాడు.

బ్యూలా పగలు ల్యాబులో గుంటల నీళ్ళ ఉప్పు కొలుస్తుంది.
చర్చిలో దారప్పోగు లాంటి గొంతు.
ఇక్కడ నోరు తెరిస్తే
బోరుబావిలోంచి గాలి తన్నుకొచ్చినట్టు,
నీళ్ళు పడకముందు వస్తుందే, ఆ గాలి.
"గొంతుతో అరిస్తే కోపంరా. ఇది పొట్టలోది.
ఇది కోపం కాదు."
మరేంది అంటే చెప్పదు.
గోరువెచ్చటి నీళ్ళు ఒక గుక్క తాగి, మళ్ళీ మొదటినుంచి.

జూన్ ఉక్క. ఆకు కదలని రాత్రి.
మా సొంత పాట, ఇంకా పేరు లేనిది,
మస్తాన్ దాన్ని "పొడుగుది" అంటాడు,
ఏడో నిమిషంలో ఉంది.
పెంచల్ చేతులు గాల్లో ఆగిపోయాయి.
"తాళం తప్పావేందిరా?"
"నేను కాదు. నాలుగో గుంట తప్పింది."

మా ముగ్గురికీ ఏమీ వినపడలా.
వాడికి వినపడింది,
మా రొద కింద, చీకట్లో,
నీళ్ళని కొడుతున్న ఏరేటర్లలో ఒకటి ఆగిందని.
బయటికి పరిగెత్తేలోపు కరెంటే పోయింది.
ఆరు గుంటలూ ఒక్కసారిగా నోరు మూశాయి.
మా చెవులు మాత్రం ఇంకా మోగుతున్నాయి.

టార్చి వేశాను.
నీళ్ళ మీద ఎర్రటి రవ్వలు.
కళ్ళు. ఊపిరాడక పైకి తేలిన
లక్ష కళ్ళు మావైపే.
అంతమంది ఎప్పుడూ మా ముందు నిలబడలా.

జనరేటరు హ్యాండిల్ మస్తాన్ తిప్పుతున్నాడు,
పట్టుకోదు, బుస్సుమంటుంది, ఆగిపోతుంది.
యాంపుల వైర్లు నేను పీకేస్తున్నా.
పెంచల్ నాలుగో గుంటలోకి దూకి
నడుంలోతు నీళ్ళలో
రెండు చేతులతో నీళ్ళని బాదుతున్నాడు.
ఎకరం గుంటకి రెండు చేతులు ఏమూలకి?
అయినా బాదుతున్నాడు, లెక్క తప్పకుండా,
షెడ్డులో ఆపిన చోటినుంచే.
గట్టుమీద బ్యూలా, మైకు లేకుండా,
ఆ గాలిని వదిలింది.
సముద్రం వినే ఉంటుంది.

ఏడోసారికో ఎనిమిదోసారికో పట్టుకుంది జనరేటరు.

తెల్లారి మామ మోటారుసైకిల్ దిగి
వలలో చచ్చినవి చేత్తో ఎత్తి చూశాడు, తూకం చూసినట్టు.
మమ్మల్ని చూశాడు. బురద ఆరుతున్న నల్ల చొక్కాలు.
"టీ తాగారా?" అన్నాడు. ఇంకేం అనలా.

ఆ పాటకి ఇప్పటికీ పేరు పెట్టలా.
ఏడో నిమిషంలో పెంచల్ చేతులెత్తి
నాలుగు లెక్కలు ఖాళీ వదిలేస్తాడు.
విన్నవాళ్ళు తప్పు పోయిందనుకుంటారు.
మేం నలుగురం
అటు తిరిగి, నీళ్ళు వింటాం.