కొండల్లేని చోట

శుక్రవారం. అబ్బాసియాలో మూడో అంతస్తు.
గుమ్మం బయట నలభై జతల చెప్పులు.
మంచాలు రెండూ గోడకి నిలబెట్టి
పరిచిన చాపల మీద మా కూడిక.

సాక్ష్యాల వేళ.
కార్పెంటర్ ఏలీయాకి అకామా దొరికింది. స్తోత్రం.
నర్సు షారోనుకి గడ్డ కరిగిపోయింది. స్తోత్రం.
ఒకాయనకి అప్పు తీరింది, వడ్డీ ఎంతో కూడా చెప్పాడు.
"కెజియమ్మా, నువ్వూ చెప్పు" అన్నాడు యోబు అన్నయ్య.
లేచి నిలబడ్డాను.
నా దగ్గరున్నదల్లా
ఇంకా రాని జవాబే.

రాజోలు సండే స్కూల్లో మాష్టారు
నా అరచేతిలో ఒక ఆవగింజ పెట్టి
ఇంత నమ్మకం చాలే, కొండ లేచి నడుస్తుందన్నారు.
కోనసీమలో కొండ ఎక్కడుంది మాష్టారూ అంటే
వెనక బెంచీ అంతా నవ్వింది.
ఇక్కడా లేదు కొండ.
ఇసుకుంది. ఎవరి నమ్మకంతోనూ పని లేకుండా
రాత్రికి రాత్రి కదిలొచ్చి
తెల్లారేసరికి కిటికీ చువ్వల మీద,
నేను నిన్న తుడిచిన మెట్ల మీద కూర్చుంటుంది.
కదిలేవాటికి కొదవేం లేదు ప్రభువా,
ఉన్నచోట ఉండటానికే
నాకు కాస్త బలం కావాలి.

రుమైతియాలో మా మామ ఫోను శుక్రవారమే ఇస్తుంది.
మా చెల్లి సలోమి మంగళవారం పోయింది.
అమలాపురంలో వారానికి మూడుసార్లు
నా జీతం దాని రక్తాన్ని కడిగేది.
బుధవారం, గురువారం కూడా
వాషింగ్ మెషీను గదిలో, ఇస్త్రీ బల్ల పక్కన మోకరించి
మట్టిలో ఉన్న మనిషికి స్వస్థత అడిగాను.
ఆ రెండు ప్రార్థనలూ
ఎవరి ఖాతాలో పడ్డాయో నాకిప్పటికీ తెలీదు.

"నమ్మిక తక్కువైంది తల్లీ" అంది ఊర్నించి పాస్టరమ్మ.
కొలిచే గరిటె ఆవిడ దగ్గరుందేమో.

పదకొండు రోజులు ఆయనతో మాట్లాడలేదు.
ఒకే ఇంట్లో మాటల్లేని మొగుడూ పెళ్ళాల్లా
ఎడమొహం పెడమొహంగా ఉన్నాం.
అన్నం ముందు కళ్ళు మూసుకోలేదు.
ఆయన కూడా పలకరించలేదు, నిజం చెప్తున్నాను.

పన్నెండో నాడు వేకువన
మసీదు మైకు పిలిచింది. ఎప్పటిలాగే
పెద్ద యుమ్మా కుర్చీ ఆ దిక్కుకి తిప్పి
తలమీది గుడ్డ సర్ది పక్కన నించున్నాను.
ఎనభై ఏళ్ళ మోకాళ్ళు, వంగవు.
ఆవిడ పెదాలు మాత్రం కదులుతున్నాయి.
నా మోకాళ్ళు వంగాయి.
నేను వంచలేదు, అవే
ఇల్లు మారినా పాత గుమ్మానికే పోయే కుక్కలాగా.
మాటల్లేవు.
"సలోమి" అన్నానొక్కసారి.
అంతకు మించి విశ్వాసం లేదు నాలో అప్పుడు.
ఇప్పుడూ లేదేమో.

ఇదే నా సాక్ష్యం అని కూర్చున్నాను.
స్తోత్రం అనాలో వద్దో తెలీక అంతా ఊరుకుంటే
కాసేపు ఏసీ ఒక్కటే మాట్లాడింది.
వెనకనుంచి ఎవరో ముక్కు చీదుకున్నారు.

భోజనాలకి పులిహోర పోపు నాదే.
నూనెలో ఆవాలు కాసేపు ఊరికే పడుంటాయి,
వినలేదేమో అన్నట్టు. తర్వాత ఒక్కటి, తర్వాత అన్నీ.
మిగిలినవి పొట్లం కట్టుకుని బస్సెక్కాను,
ఏడింటికల్లా ఇంట్లో ఉండాలి.

ఏంటది అని యుమ్మా పొట్లం విప్పించింది.
ఒక గింజ వేలికంటించుకుని
కళ్ళ దగ్గరకి పెట్టుకుని చాలాసేపు చూసింది.
"ఖర్దల్" అంది.
ఇంతదాన్ని కూడా ఆయన తూకంలోకి తెస్తాడట,
చిన్నప్పుడు ఆవిడకీ ఎవరో చెప్పారట.

నేనేమీ అనలేదు.
రేపు పప్పులో వెయ్యమంది.
బయట గాలి లేచింది.
పొద్దున్నే మెట్లు మళ్ళీ తుడవాలి.