ముక్కు మీద మీసం

ఓస్త్రవాలో బొగ్గు గని మూతపడ్డాక
వ్రాతిస్లావ్ గారు నేలమాళిగలో గాజుతొట్లు పెట్టారు.
పదకొండు తొట్లు.
పన్నెండోది కారుతుంది, దాన్నిండా బంగాళాదుంపలు.

శనివారాలు నేను వెళ్ళేదాన్ని
దోసకాయ ముక్కలు కోసి వెయ్యడానికి, గంటకింతని కూలికి.

"ఇదిగో, ఇది మగది," అన్నారు టార్చి వేసి.
అద్దానికి నోరు అతికించుకున్న నల్లటి జెల్ల.
ముక్కు మీంచి నుదుటి దాకా
కొమ్మలు కొమ్మలుగా చీలిన మెత్తటి ముళ్ళు,
రంగు కుంచెని కడక్కుండా ఎండబెట్టినట్టు.
"మరి ఆడది?"
"పెదవి అంచున నాలుగు పోగులు. ఒక్కోసారి అవీ ఉండవు.
పైనుంచి చూడు, పొట్ట దగ్గర వెడల్పు."

ఓస్, ఇంతేనా అనుకున్నాను.
ఆరు నెలల పిల్లల్ని రెండు బకెట్లలోకి ఏరాను.
నున్నటి మూతిదాని ఒకదానికి
యార్మిలా అని పేరు కూడా పెట్టాను.
ఆదివారం సంతలో ఆడదని చెప్పి అమ్మబోతుంటే
ఆయన చెయ్యి అడ్డం పెట్టారు:
"ఆగు. తొందరపడితే అన్నీ ఆడవే."

ఫిబ్రవరికి యార్మిలాకి మీసాలొచ్చాయి.
ఏప్రిల్లో మట్టిగొట్టంలోకి దూరి
నారింజరంగు గుడ్ల గుత్తిని పొట్ట కింద పెట్టుకుని
రెక్కలతో విసురుతూ కూర్చుంది.
కూర్చున్నాడు.
తిండికి రాడు. దోసకాయ వాసనకీ కదలడు.
గుడ్లు పెట్టినావిడ అవతల దుంగ మీద
నాచు గీక్కుంటోంది, తనకేం పట్టనట్టు.

"ముప్ఫై ఏళ్ళు నేనూ గొట్టంలోనే ఉన్నాను," అన్నారాయన.
"పైకొచ్చేసరికి మా పిల్లలు నిద్రపోయేవాళ్ళు."
నవ్వుతారనుకున్నాను. టార్చి ఆపేశారు.

చీకట్లో, గాలి మోటారు గుడగుడల్లో,
మళ్ళీ ఆయనే మొదలుపెట్టారు.
బోజెనాకి చివరి రోజుల్లో, ఆస్పత్రిలో,
పెదవి అంచున నాలుగు వెంట్రుకలు మొలిచాయట.
అద్దం అడిగిందట. ఇవ్వలేదట.
బుధవారం బుధవారం చిన్న పట్టకారుతో
తానే తీసేవారట, ఒక్కొక్కటీ,
గనిలో దీపం పట్టినప్పటికంటే కదలని చేత్తో.
"మరీ మొండి వెంట్రుకలు," అన్నారు. "ఆవిడలాగే."

ఏమనాలో నాకు తోచలేదు.
ఇంకో దోసకాయ మిగిలి ఉంది, చెక్కు తీశాను.

పిల్లలు పగిలి బయటికొచ్చాయి, గోరులో సగం లేవు.
మూతులు అన్నిటివీ నున్నగానే ఉన్నాయి.
ఏది ఏదని నేను అడగలేదు.
యార్మిలా పేరు మార్చమని ఆయనా అనలేదు.