ఏడో చక్రం

"స్టెప్నీ ఎక్కడెట్టమంతావక్కా?"
అని అడిగేసి నాలిక కరుచుకున్నాడు తవుడు.
ఆటోనగర్ షెడ్డులో గ్రైండరు ఆగింది.
వెల్డింగు పిల్లాడు ముసుగు పైకెత్తాడు.
గౌరీశు చేతిలో పానాని
ఎప్పుడూ చూడనట్టు చూస్తున్నాడు.

ఆ మాటతో నన్ను ఇరవై రెండేళ్ళు పిలిచారు,
వీపు వెనక, కుళాయి దగ్గర, కంచరపాలెంలో.
పేరుతో పిలిచినవాళ్ళని ఒక చేతి వేళ్ళ మీద లెక్కెట్టొచ్చు,
బొటనవేలు మిగుల్తుంది.

ముందు నేనే నవ్వాను.
"టైరు సంగతే కదరా అడిగావు, పద చూద్దాం."

బస్సు ఒక స్కూలుది. వేలంలో కొన్నాం.
పసుపు మీద నీలం వేయించినా
కిటికీ మూల "కుదురుగా కూర్చోండి" ఇంకా కనిపిస్తుంది.
సీట్లు పీకించి మంచం, స్టవ్వు, నీళ్ళ డ్రమ్ము,
ఆయన మాత్రల డబ్బా, నా కుట్టు మిషను.
పోర్టులో ముప్పై ఏళ్ళు క్రేను తిప్పిన మనిషికి
ఇన్నాళ్ళకి పుట్టింది, ఇల్లు కదలాలని.
నేను ఎవరో
ఏ పక్కింటికీ చెప్పనక్కర్లేని ఇల్లు.

చాసీ కింద గొలుసేసి కడతానన్నాడు తవుడు.
విశాఖ ఉప్పుగాలికి ఆ గొలుసు రెండు వానాకాలాలు ఆగదు.
వెనక తలుపుకి బిగిద్దామన్నాడు.
నలభై కిలోలు. బందులు వంగిపోతాయి,
తలుపు తీసినప్పుడల్లా దానికి దణ్ణం పెట్టుకోవాలి.
ముందు బంపరు మీదైతే రేడియేటరుకి ఊపిరాడదు.
పైన వేస్తే ఎండకి బీటలు, ఘాటీ మలుపుల్లో ఊగుడు,
దించడానికి మా ఇద్దరికీ కలిపి
ఒక్క నడుమైనా సరిగ్గా లేదు.

"లోపల పెట్టు," అన్నాను. "మంచం కింద."
"వాసనేస్తాదక్కా."
"వెయ్యనీ."

ఆరు చక్రాలు నడుస్తాయి. ఏడోదాన్ని మోస్తాయి.
ఏడడుగులు నడవనిదాన్ని,
ఆ అంకె దగ్గర నేనెప్పుడూ కొంచెం ఆగుతాను.

కూర్మన్నపాలెంలో కుంజుమోన్ పంచర్ షాపు.
కేరళ నుంచి వచ్చి నలభై ఏళ్ళు,
తెలుగు ఇంకా తడిగానే ఉంటుంది అతని నోట్లో.
"తిరిగే టైరు అరిగి పోతుందమ్మా.
తిరగని టైరు ఊరికే పోతుంది.
నెలకోసారి గాలి చూడు."
పెన్నంత గేజ్ ఒకటి చేతిలో పెట్టాడు. డబ్బులు తీసుకోలేదు.

ప్రతి నెలా పదో తారీఖున మంచం కింద దూరి
వాల్వు మూత తిప్పి
పుల్ల ఎంత బయటికొచ్చిందో గౌరీశుకి చెప్పేదాన్ని.
ఆయన "ఆఁ" అనేవాడు, పేపరు దించకుండా.

డముకు దాటాక, అనంతగిరి ఘాటీలో,
ముందు ఎడమది పోయింది.
వాన. కాఫీ తోటల్లోంచి మంచు రోడ్డు మీదకి పాకుతోంది.
వెనక చక్రాలకి రాళ్ళు అడ్డం పెట్టాను.
ఆయన జాకీ తిప్పుతుంటే టార్చి పట్టుకున్నాను.
మంచం కింద నుంచి దాన్ని దొర్లించుకొచ్చింది నేనే.
మెట్ల మీద చేజారి
లోయ వైపు రెండు చుట్లు తిరిగి
కిలోమీటరు రాయికి ఆనుకుంది,
బుద్ధిగా.

నట్లు బిగించి, జాకీ దించి,
బండి బరువు దాని మీద పడ్డప్పుడు
ఇద్దరం వొంగి చూశాం.
కొంచెం అణిగింది. నిలబడింది.
గౌరీశు తడి అరచేత్తో రెండుసార్లు తట్టాడు,
పాలిచ్చిన గేదెని తట్టినట్టు.
నా వైపు తిరిగి ఏదో అనబోయి
"టీ పెడతావా?" అన్నాడు.

పోయినదాన్ని మంచం కిందకి తోశాం.
నాలుగు రోజులు అరకు. తర్వాత భీమిలి మీదుగా దిగి
రుషికొండ దగ్గర ఆగితే తవుడు ఫోను.
"స్టెప్నీ... అదేనక్కా, ఆ టైరు, పనికొచ్చిందా?"
"దేన్నంటున్నావురా," అన్నాను,
"మంచం కింద పడుకున్నది ఇప్పుడు వేరేది."

రాత్రి, తలుపు సందులోంచి సముద్రం.
రబ్బరు వాసన, అందులో కొండ బురద వాసన.
ఆయన తుమ్ముతాడు, పక్కకి తిరుగుతాడు, మళ్ళీ తుమ్ముతాడు.
రేపు కుంజుమోన్ దగ్గరికెళ్ళి పంచరు వేయించాలి.
ఎల్లుండి పదో తారీఖు.