పసుపు, ఆకుపచ్చ

మా దీవికి మన్ను లేదు.
ఉన్నదల్లా పగడాల పొడి, కొబ్బరి పీచు,
రెండు పక్కలా ఉప్పు.
తరావాలో రోడ్డు మధ్య నిలబడి
అటు ఉమ్మితే సముద్రం, ఇటు ఉమ్మితే మడుగు
అంటాడు మా బడి కాపలాదారు తియాబో.
మా అమ్మ దుంపలు పండించిన గుంటలోకి
పోయినేడు పోటు వచ్చి, పోలేదు.

అందుకని రెండు నీలం పీపాలు కోయించాను.
ఒకదాంట్లో చేపలు. ఒకదాంట్లో గులకరాళ్లు,
రాళ్ల సందుల్లో విత్తనాలు.
మధ్యన గుక్కపట్టి ఏడ్చే పసిపిల్లలాంటి
సోలార్ పంపు ఒకటి.

తిలాపియాని చూసి రొటియా నాయనమ్మ మండిపడింది.
"మా పాలబొంతల చెరువులన్నీ మింగిన దొంగచేప!
దీనికి బడిలో సీటిచ్చావా?"
ఇచ్చాను. ఫీజు కూడా లేదు.

మొదటి పాఠం సీసా నీళ్లలో ఎనిమిది చుక్కలు.
ఊపి, ఆగి, రంగు చూడాలి.
పసుపైతే క్షేమం.
ఆకుపచ్చైతే అమోనియా.
బ్వెరెతి చెయ్యెత్తింది:
"ఆకు పచ్చగా ఉంటే మంచిదన్నారు,
పసుపైతే జబ్బన్నారు నిన్న.
నీళ్లకి మాత్రం తిరగేసి చెబుతారేం, మిస్?"
సుద్దముక్క చేతిలోనే ఉండిపోయింది.
ఆ రంగులు ఎవరు పంచారో నాకూ తెలీదు.

రెండో వారం సోమవారం
సీసాలో అడవంత ఆకుపచ్చ.
పదకొండు చేపలు వెల్లకిలా.
ఎవరు మేత వేశారు?
ఎవరూ మాట్లాడలేదు.
తర్వాత ఒక చెయ్యి లేచింది. తర్వాత నాలుగు.
తర్వాత ఇరవై మూడూ.
తలా ఒక పిడికెడు, మధ్యాహ్నం అన్నంలోంచి,
పక్కవాడికి తెలియకుండా.
తిని చావలేదు చేపలు.
తినలేక మిగిల్చిన దాంట్లో చచ్చాయి.

మళ్లీ మొదలు. ఈసారి కొత్త చేపలకి
చిటికెడే మేత. ఎదురుచూడమన్నాను.
రాళ్ల మీద కంటికి ఆనని జనం కాపురానికి రావాలి,
చేపల మురికిని
వేళ్ల అన్నంగా మార్చేది వాళ్లే అన్నాను.
పిల్లలు రాళ్లు తిప్పి తిప్పి చూశారు.
"ఎవరూ లేరు, మిస్."
బళ్లో నోరు విప్పని తరాయియా
గులకరాళ్లకి చెవి ఆనించి
చాలాసేపు విని,
"వస్తున్నారు," అన్నాడు.
ఏడాదిలో వాడు నాతో అన్న మొదటి మాట అది.

తర్వాత మూడు రోజులు ముసురు.
ఎండ లేదు. పంపు గుక్క ఆగింది.
రాత్రి తొమ్మిదికి వెళ్తే
తరాయియా కొబ్బరి చిప్పతో
నీళ్లు ముంచి ఎత్తునుంచి పోస్తున్నాడు.
ముంచి, పోసి. ముంచి, పోసి.
పైకి తేలి నోళ్లు తెరుస్తున్న చేపలకి
చిప్ప చిప్పగా గాలి.
ఆ తర్వాత బ్వెరెతి, రొటియా.
వాళ్ల వెనకే లాంతరుతో నాయనమ్మ.

"దొంగచేపేగా?" అన్నాను ఉండబట్టలేక.
"చంపాలంటే వండుకోడానికి చంపుతాం,"
అని నా చేతిలో చిప్ప లాక్కుంది.
తెల్లారేదాకా ఆమె చెయ్యి ఆగలేదు.
తిట్టడమూ ఆపలేదు.

పొద్దున సీసాలో నీళ్లు పసుపు.
ఎవరూ కేరింతలు కొట్టలేదు,
సగంమంది బల్లల మీద నిద్రపోతున్నారు.

నెలన్నరకి కోశాం మొదటి కూర.
మూడు మొక్కలకి ఇరవై మూడు వాటాలు,
నాయనమ్మకి ఒకటి, తియాబోకి కాడ.
అందరూ నమిలి మింగేశారు.
బ్వెరెతి తినలేదు,
తన వాటా నోటుపుస్తకంలో దాచింది.

నిన్న పుస్తకాలు దిద్దుతుంటే దొరికింది.
ఆకు ఎండి, పసుపెక్కి, కాగితానికి అతుక్కుపోయింది.
కింద పెన్సిల్‌తో తేదీ వేసి,
పరీక్ష ఫలితం రాసే చోట
ఇలా రాసింది:
సున్నా. చేపలు క్షేమం.

ఎర్ర పెన్ను మూత పెట్టేశాను.