స్తంభం నంబరు నలభై ఒకటి

మా రిజిస్టరులో ఫిర్యాదులన్నీ ఒకటే రకం.
లైటు వెలగలేదు. లైటు మినుకుతోంది.
వీధంతా చీకటి, ఆడపిల్లలు తిరిగేదెట్లా.
పద్నాలుగేళ్లలో మొదటిసారి
హనుమంతనగర ఏడో క్రాస్ నుంచి
ఒక పెద్దావిడ ఫోను చేసి
"మీ లైటు కాస్త ఆర్పుతారా" అంది.

నవ్వాను. మునిచౌడప్ప ఇంకా గట్టిగా నవ్వాడు.
శ్రావణం ముసురులో
నిచ్చెన బండి మీదేసుకుని పోయాం.

నంజమ్మణ్ణి ఆమె పేరు.
కాంపౌండు గోడ పొడుగునా కుండీలు.
నా తెలుగూ ఆమె కన్నడమూ
ఒకదాని భుజం ఒకటి పట్టుకుని నడిచాయి.

చంద్రకాంత నాలుగింటికి విచ్చుకుంటుందట,
బాగా మబ్బేస్తే మూడున్నరకే మోసపోతుందట.
వాన లిల్లీని బకెట్టు నీళ్లతో నమ్మించలేమట,
పైనుంచి పడ్డదాన్నే లెక్కలో వేసుకుంటుందట.
మల్లెకి చలి ఉండగానే కొమ్మ కత్తిరించి
కొన్నాళ్లు నీళ్లు మాన్పించాలి.
"కాస్త ఆకలి తెలియాలప్పా,
అప్పుడుగానీ మొగ్గ తొడగదు."

చేమంతి దగ్గరికొచ్చేసరికి గొంతు తగ్గించింది,
వింటుందేమోనన్నట్టు.
మోకాలెత్తు పొద. నిగనిగలాడే ఆకు.
రెండేళ్లుగా ఒక్క మొగ్గ లేదు.
పాత పసుపు లైటు సగం రోజులు వెలిగేదే కాదు,
ఆ పుణ్యాన కార్తీకానికల్లా పూసేదట.
ఈ తెల్ల లైటు బిగించింది మేమే.
కాగితం మీద సంతకం నాది.

"దీనికి కావలసింది ఎండ కాదు, రాత్రి.
పొడుగాటి, తెగని రాత్రి.
నడిమధ్య ఎవరో దీపం పట్టుకుని నిలబడితే
ఇంకా ఎండాకాలమే అనుకుంటుంది, పిచ్చిది."

అప్పుడు తెలిసింది నాకు,
హిందూపురం బస్సు కిటికీలోంచి
దొడ్డబళ్లాపుర దాటాక కనిపించేదేమిటో.
చేలకు చేలే తీగలు కట్టి బల్బులు.
తిరనాళ్లనుకునేవాణ్ణి ఇన్నేళ్లూ.
మనిషి ఉండడు, మైకు ఉండదు.
రేటు వచ్చేదాకా
చేమంతికి రాత్రిని చూపించకుండా
దాచి పెడుతున్నారన్నమాట.

లైటు ఆర్పడం నా చేతిలో లేదు.
పూల కోసం అని రాస్తే ఇంజనీరు
ఆ కాగితం ఆఫీసంతా తిప్పుతాడు.
పైగా పోయినేడు ఆ మలుపులోనే
ఎవరో అమ్మాయి ఫోను లాక్కుపోయారు.

నూనె డబ్బా రేకు కత్తిరించి
గోడ వైపు రెక్కలా బిగించాం.
మునిచౌడప్ప దానికి నల్లరంగు పూశాడు,
తన చొక్కాకీ కొంత.
రిజిస్టరులో, నా వంకర కన్నడంలో,
"బ్రాకెట్ సరిచేశాం" అని రాశాను.

డిసెంబరు మొదట్లో ఇంకేదో పని మీద
ఆ దారిన పోతుంటే
గోడ దగ్గరే ఉందామె.
పిలవలేదు. వేలు చూపించింది.

రేకు నీడ పడ్డ వైపు పసుపు,
ఆకు కనపడనంత పసుపు.
లైటు పడ్డ వైపు ఉత్త ఆకు.
ఒక్కటే వేరు, ఒక్కటే కుండీ,
సగానికి ఏడాది అయిపోవచ్చింది,
సగానికి ఇంకా శ్రావణం.

"రేకు ఇంకో జానెడు పెంచనా?"
"వద్దు. ట్యూషన్ పిల్లలు ఆ మూల మీదుగానే వస్తారు."
రెండు పూలు తుంచి మునిచౌడప్ప జేబులో పెట్టింది.
నాకూ ఇస్తుందనుకున్నాను.

ఆ రోజు డ్యూటీ దిగి ఇల్లు చేరేసరికి మూడు.
నా గది కిటికీకి ఎదురుగా కూడా ఒక లైటుంది.
నేను బిగించిందే.
దుప్పటి తీసి, రెండు మేకులు కొట్టి,
కిటికీకి కట్టి పడుకున్నాను.

ఎప్పుడు తెల్లారిందో తెలీదు.