ఇరవై ఒకటి

రాత్రి రెండింటికి టాలిన్‌లో సర్వర్ని మార్చారు.
పన్నెండో వెర్షన్ దిగిపోయి పదహారు ఎక్కి కూర్చుంది.
మాకెవరూ చెప్పలేదు.
చెప్పే ఉంటారు, అంది ఉర్వె,
మన దాకా రావాలంటే కబురైనా సముద్రం దాటాలిగా.

హీయుమా దీవి, హెల్టెర్మా రేవు, రెండు గదుల ఆఫీసు.
ఒక గదిలో కట్టెల పొయ్యి, ఇంకో గదిలో కంప్యూటరు,
మధ్య గోడకి కంప్యూటరు రాకముందు రాసిన బైండు పుస్తకాలు.
జనవరి నుంచి మార్చి దాకా మా పని ఒక్కటే:
సముద్రం ఎంత మందాన గడ్డకట్టిందో కొలిచి
దాని మీద కారు వెళ్లొచ్చో లేదో చెప్పడం.

పొద్దున ఐదింటికి, కొత్త అంకెలు ఎక్కించే ముందు,
నిన్నటి దాకా ఉన్నదంతా నకలు తీసి పెట్టుకుంటాను.
తొమ్మిదేళ్లుగా అదే కమాండు,
వేళ్లు నిద్రలో కూడా కొట్టేస్తాయి.
ఇవాళ అది రెండే ముక్కల్లో జవాబిచ్చింది:
సర్వర్ నాకంటే కొత్తది.
ఆపేస్తున్నాను.

బతిమాలాను.
పక్కనున్న ఇంకో పనిముట్టు పలికింది,
"కొన్ని సంగతులు నాకు అర్థం కాకపోవచ్చు సుమా" అని గొణిగి
పట్టికలన్నీ చూపించింది.
అది చేసిన పని ఇదెందుకు చేయదని విసుక్కున్నాను.
సగం వచ్చిన భాషలో కుశలం అడగొచ్చు,
వీలునామా రాయకూడదు.
అప్పటికది నాకు తట్టలేదు.

పాత మాన్యువల్లో ఒక మీట గురించి చదివిన గుర్తు,
వెర్షన్ తేడా పట్టించుకోకు, అని చెప్పే మీట.
వెతికి నొక్కాను.
మీట ఉంది. నొక్కితే దిగుతుంది. ఏమీ జరగదు.
ఎవరో ఎప్పుడో దాని వెనకాల తీగ తెంపేసి
మర్యాదకి బొత్తాన్ని మాత్రం ఉంచారు.
ఎన్ని సగం నకళ్లు చూసి ఉంటాడో ఆ మనిషి.

అప్పుడే తైవో ఫోను చేశాడు, ఎనిమిదో కిలోమీటరు నుంచి.
గాలి హోరులో బరమా ఆగిన చప్పుడు.
"ఇరవై ఒకటి."
కావాల్సింది ఇరవై రెండు.
బ్రెడ్డు వ్యాను రేవులో ఇంజను ఆపకుండా నిలబడి ఉంది,
దాని వెనక పళ్ల డాక్టరు,
ఆ వెనక ఒళ్లో పెళ్లి కేకు పెట్టుకున్న ఇద్దరు.
"ఒక్క సెంటీమీటరే కదా," అన్నాను.
"ఒక్కటే," అన్నాడు.
తర్వాత చాలాసేపు మంచు మీద అతని బూట్ల కిరకిర.

కొత్త పనిముట్టు దింపుకోవడానికి నలభై నిమిషాలు.
వచ్చీ రాగానే పదహారుతో పదహారులా మాట్లాడింది.
దీపస్తంభంలో ఎవరూ ముట్టుకోని పెట్టె ఒకటుంది, తొమ్మిదో కాలం నాటిది.
దాన్ని చూపిస్తే గొంతు మార్చి
దాని యాసలోనే పలకరించింది.
పెద్దవాళ్ల మాట చిన్నవాళ్లకి వస్తుంది,
చిన్నవాళ్లది పెద్దవాళ్లకి రాదు.
ఉర్వె తన మనవడి మెసేజులు నాతో చదివించుకునేది ఇందుకే.

ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు.
నేను పాత పనిముట్టుని తీసేయలేదు.
పేరు చివర పన్నెండు అని రాసి వేరే ఫోల్డరులో ఉంచాను.
కొత్త నీరొచ్చి పాత నీటిని తోసేస్తుందన్న సామెత
నీళ్లు పారే చోట పుట్టి ఉంటుంది.
ఇక్కడ నీరు నిలబడుతుంది.
మంచు కింది నుంచి మందమెక్కుతుంది,
పాత పొర పైన, కొత్త పొర అడుగున,
బండి బరువు రెండూ కలిసే మోస్తాయి.

ఏడు కాకముందే నకలు పూర్తయింది.
సరిచూశాను: ఇరవై ఆరు చలికాలాలు, ఒక్క రోజు తగ్గలేదు.

రోడ్డు తెరిచే రోజు బోర్డు నిలబెడతాం:
సీటుబెల్టు పెట్టుకోవద్దు.
పాతిక లోపు పొండి, లేదా నలభై దాటి పొండి.
మధ్య వేగంలో పోతే అడుగున అల లేస్తుంది.
ఇవాళ ఆ బోర్డు ఇంకా గోడకి ఆనించే ఉంది.

"ఎంతని ఎక్కించను?" అంది ఉర్వె, కీబోర్డు మీద వేలు పెట్టి.
ఇరవై ఒకటి, అన్నాను.

వ్యాను వాడు ఇంజను ఆపి లోపలికొచ్చి,
ఎవర్నీ ఏమీ అనకుండా
పొయ్యి దగ్గర చోటు చేసుకున్నాడు.
చంకలో ఇంకా వేడి తగ్గని రై బ్రెడ్డు.